సమాధి ఇచ్చి కొన్న పెద్దతల

ఇదిగో, ఈ గాజు తలుపు మీద అరచెయ్యి ఆనించి చెబుతున్నా. ఇవాళ నేను చెప్పబోయేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమున్నా, చచ్చేదాకా మజాంగ్ ఆట బల్ల దగ్గర నాకు ఒక్క మంచి ముక్క పడకూడదు. చాలా? ఇంతకంటే పెద్ద ఒట్టు ఛంగ్డూ ఊళ్ళో ఎవరూ వెయ్యరు. అయినా నువ్వు నమ్మవు. బతికున్నన్నాళ్ళూ నా మాట నమ్మలేదు, ఇప్పుడు బూడిదై ఈ అరలో కూర్చుని నమ్ముతావా?

ఉండు, ముందు నీ ఫోటో తుడవనీ. ఏడాదికే మొహం మీద పొలం దున్నుకునేంత మట్టి. పక్క అరలో ఆవిడకి చూడు, ప్లాస్టిక్ పూలు, నారింజలు, కాగితంతో చేసిన కారు, ఆ కారుకి కాగితపు డ్రైవరు కూడా. నీకు వేయించిన వేరుశనగలు తెచ్చా. బస్సు ఆలస్యమైతే దార్లో సగం నేనే తిన్నా. మిగిలినవి పెట్టాలో వద్దో ఇంకా తేల్చుకోలేదు.

ఎందుకొచ్చానంటావా? ప్రేమ పొంగిపొర్లి రాలేదు. అర అద్దె గడువు తీరిపోయిందని ఈ హాలు వాళ్ళు ఫోను చేశారు. కడతావా, తీసుకెళ్తావా అని. మొగుణ్ణి సైకిల్ స్టాండులో పెట్టినట్టు పెట్టి, ఏడాదికోసారి టోకెను డబ్బులు కట్టే ఆడదాన్ని ఈ దేశం మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటా, జింగ్ మేస్త్రీ.

కొండ మీద మనకి చోటు లేకనా? జంట గుంత. పైన్ చెట్ల వరసలో, తూర్పు ముఖం, కింద నది మెలిక తిరిగేది కనపడుతుంది. నీ పక్కన నేను, నా పక్కన నువ్వు, ఇద్దరి నెత్తిన ఒకే రాయి. రాయి మీద రెండు పేర్లు, ఇద్దరం బతికే ఉన్నాం కాబట్టి రెండూ ఎర్ర రంగులో. ఎవరు ముందు పోతే వాళ్ళ పేరు మీద నల్ల రంగు పూయించాలి, రెండో వాళ్ళది ఎర్రగా ఎదురుచూస్తూ ఉంటుంది. అంతే కదా మనం అనుకున్నది?

చింగ్‌మింగ్ పండగ వస్తే ఊళ్ళో వాళ్ళంతా వాళ్ళ తాతల సమాధులు ఊడుస్తుంటే, నేను నా సమాధి ఊడ్చుకునేదాన్ని. నా పేరు నేనే తడిగుడ్డతో తుడుచుకునేదాన్ని. లెంగ్ షూజెన్. నువ్వు నవ్వేవాడివి, పిచ్చిదానా, ఇంకా పైకి పోకుండానే ఈ సింగారమేంటి అని. నీకేం తెలుసయ్యా. ఇల్లు ఫ్యాక్టరీ వాళ్ళు నీ పేరున ఇచ్చింది. కరెంటు బిల్లు నీ పేరు. తలుపు మీద 'జింగ్ వారి ఇల్లు'. నా పేరు రాసిన వస్తువు ఈ భూమ్మీద ఆ రాయి ఒక్కటే.

నువ్వు పోయావు. సరే, పోయావు. ఎర్రగుడ్డలో నిన్ను చుట్టి, పైన నల్ల గొడుగు పట్టి, కొండెక్కాం. సగం ఛంగ్డూ నా వెనకాలే నడిచింది. మీ తమ్ముడు, వాడి పెళ్ళాం, ఫ్యాక్టరీలో నీతో లేతు మిషను మీద పనిచేసిన ముసలాళ్ళందరూ. వంతెన వచ్చినప్పుడల్లా 'వంతెన దాటుతున్నాం, వెనకాలే రా మేస్త్రీ' అని అరిచి అరిచి నా గొంతు పోయింది. నువ్వు దారి తప్పకూడదని.

తీరా చూస్తే మన రాయి మీద ఎవడో మొగుడూ పెళ్ళాం నవ్వుతున్నారు. ఫోటోలు అతికించుకుని మరీ. ఇంటిపేరు గౌ. కుక్కనీ గౌ అనే కదా అంటాం, ఆ పేరు పలికితే వీధి కుక్కని పిలిచినట్టుంటుంది, ఆ గౌ గారి పళ్ళు చూస్తే కుక్కే నయమనిపిస్తుంది. వాళ్ళు మన చోట్లో, నువ్వు నా చంకలో.

కొండ ఆఫీసులో గుమాస్తా ఏమన్నాడో తెలుసా? "బామ్మగారూ, మేస్త్రీగారు పోయిన ఆకురాలు కాలంలోనే చోటు తిరిగిచ్చి డబ్బు తీసుకెళ్ళారు కదా. మీ వేలిముద్ర కూడా వేశారు."

వేశాను. గ్యాస్ గొట్టం మారుస్తారట, ఇక్కడ వేలు పెట్టు అన్నావు. పెట్టాను. ఆ గొట్టం ఇప్పటికీ మారలేదు, బుసకొడుతూనే ఉంది.

మీ తమ్ముడి పెళ్ళాం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వాపుకోవడానికని నాకు తెలీదనుకుంది. నిన్ను చంకలో పెట్టుకుని మళ్ళీ కొండ దిగాను. దిగేటప్పుడు వంతెనల దగ్గర పిలవలేదు. తప్పిపోతే తప్పిపో అనుకున్నా.

ఏంటమ్మా? మెల్లగా మాట్లాడాలా? ఈ హాల్లో మిగతావాళ్ళు పడుకున్నారా? చూడు తల్లీ, నీ నీలం యూనిఫారం బాగుంది కానీ, మా ఆయనకి బతికుండగానే కుడి చెవి వినపడదు, ఎడమ చెవి వినదు. గట్టిగా అరిస్తేనే సగం ఎక్కేది. నువ్వెళ్ళి ఆ పూలు ఏరుకో.

ఎక్కడున్నాం? ఆఁ, చోటు తిరిగిచ్చిన డబ్బు ఏమైందో.

ఇంటికొచ్చి బియ్యం డబ్బా బోర్లించా. నీ దొంగతనాలన్నీ అక్కడే కదా ఉండేవి. అడుగున వెల్వెట్ పెట్టె, పెట్టెలో ప్లాస్టిక్ డబ్బీ, డబ్బీలో సీలు వేసిన వెండి నాణెం. పక్కనే ఒక జత తెల్ల చేతితొడుగులు. పెళ్ళినాడు నా చెయ్యి స్పానరు పట్టుకున్నట్టు పట్టుకున్నావే, ఈ రేకు ముక్కని పట్టుకోవడానికి నీకు తొడుగులా?

అప్పటికి గుర్తొచ్చింది. వారం వారం నువ్వు పోయేవాడివి, 'పెద్దల పెట్టుబడి క్లాసు' అని. ఏం నేర్చుకుంటావయ్యా అక్కడ అంటే, "భవిష్యత్తు" అనేవాడివి. భవిష్యత్తు! తాగిన మందు కడుపులో నిలవని మనిషికి భవిష్యత్తు. వచ్చేటప్పుడు ఉచితంగా ఒక ట్రే గుడ్లు తెచ్చేవాడివి. ఒక్కోటి పావురం గుడ్డంత. ఆ గుడ్లు పొరటు వేసుకుని తింటూ నేను కూడా మెచ్చుకున్నా, కుర్రాళ్ళు మంచివాళ్ళలాగున్నారే అని. నా సమాధినే నేను ఉల్లికాడలు వేసుకుని తిన్నానని అప్పుడు నాకేం తెలుసు.

ఆ క్లాసులో నాణేలు అమ్మే షియాంగ్ మేనేజరు. వాడు మాటకి ముందు 'నాన్నగారూ', మాటకి వెనక 'నాన్నగారూ'. మోకాళ్ళ మీద కూర్చుని ముసలాళ్ళ కాళ్ళు పిసికేవాడట. బంగారం నిద్రపోతుంది, బ్యాంకు మింగేస్తుంది, నాణెం ఒక్కటే పెరుగుతుంది అనేవాడట. అది వెండి అనుకున్నావా, గుమ్మడికాయ అనుకున్నావా, పెరగడానికి?

తీసుకెళ్ళి అమ్మేద్దాం అనుకున్నా. అమ్మి మన చోటు మనం తెచ్చుకుందాం, గౌ గారి పక్క గుంతైనా పర్లేదు అనుకున్నా. వంతెన కింద పాత సామాన్ల బజార్లో వాడి కొట్టు. ఎంత అద్దాలంటే, నా మొహమే నాకు అన్ని వైపుల నుంచీ కనపడి భయపడ్డా.

"అమ్మగారూ, మీరా! మేస్త్రీ నాన్నగారు పోయారని తెలిసి మూడు రోజులు అన్నం ముట్టలేదు" అన్నాడు. వాడి పొట్ట చొక్కా బొత్తాల్ని చంపేస్తోంది.

"తిన్నావులే. ఇది తీసుకుని డబ్బివ్వు. ఎప్పుడొచ్చినా తిరిగి కొంటానన్నావట" అన్నా.

"కొంటాను. కానీ ఇప్పుడు మార్కెట్ చల్లగా ఉంది. ఇది అమ్ముకునే నాణెం కాదమ్మా, ఉంచుకునే నాణెం. ఇంకో పదేళ్ళు ఆగితే..."

"పదేళ్ళా? నాకు వచ్చే వారం మీదే నమ్మకం లేదు."

వాడు నవ్వి టీ పోశాడు. తర్వాత గొంతు తగ్గించి అన్నాడు, "మేస్త్రీగారు ఎందుకు కొన్నారో మీకు తెలీదమ్మా. రేటు పెరిగాక కొండ పైవరసలో పెద్ద చోటు కొంటాను, మా ఆవిడ పక్కన రెండు పాలరాతి సింహాలు పెట్టిస్తాను అనేవారు."

సింహాలు. వీధి పిల్లి గుమ్మంలో కూర్చుంటే పక్కింటి వాళ్ళని పిలిచేదాన్ని నేను. నాకు సింహాలెందుకయ్యా? నువ్వు ఒక్కసారి అడిగి ఉంటే, షూజెన్, నీకు సింహాలు కావాలా అని ఒక్క మాట అడిగి ఉంటే, వద్దు అనేదాన్ని. నీకు చెప్పకుండా ఇవ్వడం పెద్ద ప్రేమ అనుకున్నావు. ఈ ఊళ్ళో మగవాళ్ళందరికీ అదొక జబ్బు.

వాడిచ్చిన టీ తాగి ఇంటికొచ్చా. మర్నాడు మళ్ళీ వెళ్ళా. ఈసారి నా వెదురు స్టూలు, ఫ్లాస్కు, సంచీడు పొద్దుతిరుగుడు గింజలు పట్టుకుని. కొట్టు గుమ్మం పక్కన వేసుకుని కూర్చున్నా. గింజలు కొరుకుతూ, పొట్టు గుమ్మంలోనే ఊస్తూ. సాయంత్రానికి పొట్టు ఎంతయిందంటే, షియాంగ్ గాడు బయటికి రావాలంటే పార కావాలి.

కొనడానికి వచ్చే ప్రతి మనిషినీ ఒక్కటే అడిగేదాన్ని. "ఏం నాయనా, యువాన్ దాతో కొనడానికొచ్చావా, యువాన్ దాతో అవడానికొచ్చావా?"

నవ్వకు. ఊళ్ళో అందరికీ తెలిసిన మాటే కదా. ఆ నాణెం మీద బొమ్మ ఉన్నాయన ఇంటిపేరు యువాన్, తలకాయ గుమ్మడిపండంత, కాబట్టి నాణేనికే పెద్దతల యువాన్ అని పేరు. గొంతు దించి 'యువాన్ దాతో' అంటే ఆ నాణెం. అదే గొంతు ఎత్తి అంటే, ఎవడో చెప్పింది నమ్మి డబ్బు తగలేసుకున్న దద్దమ్మ. నేను ఒకసారి దించేదాన్ని, ఒకసారి ఎత్తేదాన్ని. నాటకాల కంపెనీలో పాడినట్టు రాగం తీసేదాన్ని. జనం ఆగేవాళ్ళు, నవ్వేవాళ్ళు, జేబు మీద చెయ్యి వేసుకుని వెనక్కి పోయేవాళ్ళు. ఎదుటి కొట్లో పచ్చరాయి గాజులమ్మేవాడు నాకు మధ్యాహ్నం నూడుల్స్ పంపించాడు, ఎంత సంతోషపడ్డాడో.

షియాంగ్ ముందు బతిమాలాడు. తర్వాత పోలీసుల్ని పిలుస్తానన్నాడు. "పిలువు నాయనా, నేనూ వాళ్ళకి పాడి వినిపిస్తా" అన్నా. తర్వాత ఒక ట్రే గుడ్లు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు. నా సమాధి మీద వాడు పెట్టిన మొదటి నైవేద్యం అవే. తీసుకున్నా. లేవలేదు.

చివరికి వాడే నోరు జారాడు. కొట్టు నిండా జనం ఉన్నారు, బయటి ఊరి వాళ్ళు, మెడల్లో కెమెరాలు. వాళ్ళకి వినపడేలా, "అమ్మగారికి వయసు మీద పడింది, సీలు వేసిన అసలు సరుకు విలువ తెలీదు" అన్నాడు.

తెలీదా? మా నాన్న ఉప్పు వ్యాపారి. వెండి నాణెం చేతికొస్తే దాని మొహం కూడా చూసేవాడు కాదు. రెండు గోళ్ళ మధ్య పట్టుకుని, అంచు మీద ఫూ అని ఊది, చెవి దగ్గర పెట్టుకునేవాడు. అసలు వెండి పాడుతుంది. సన్నగా, దూరంగా, నీళ్ళ మీద నుంచి ఎవరో పిలిచినట్టు. నకిలీది నోరు మూసుకుంటుంది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నా చెవి దగ్గర కూడా పెట్టేవాడు. బొమ్మలు అబద్ధం చెప్తాయి పిల్లా, గొంతు చెప్పదు అనేవాడు.

మరి నీ నాణెం? ప్లాస్టిక్ శవపేటికలో పడుకుని ఉంది. ఊదడానికి అంచేది? ఊపితే టకటక అంటుంది, కట్టుడు పళ్ళలాగా. మన చోటు మొత్తం పోసి కొన్నావే, ఒక్కసారైనా దాని గొంతు విన్నావా నువ్వు?

నేను లేచా. జనం దారి ఇచ్చారు. డబ్బీ తీసి గాజు బల్ల మీద పెట్టా, నా ఇనప ఫ్లాస్కు పైకెత్తా.

"ఇది పగలగొట్టి ఊదుతా. పాడితే నాకు వయసు మీద పడిందని ఒప్పుకుని పోతా. పాడకపోతే నువ్వే వీళ్ళందరికీ పాడి వినిపించు."

షియాంగ్ మొహం చూడాల్సిందయ్యా. సున్నం కొట్టిన గోడ. "అమ్మా, వద్దు, సీలు పోతే రేటు సగానికి సగం..." అంటూనే రెండు చేతులూ డబ్బీ మీద వేసేశాడు. నేను వాడి వేళ్ళ మీదే ఫ్లాస్కు దింపబోయా. ఇంచుమించు దింపా. సరే, దింపా. వేళ్ళు విరగలేదులే, వాచాయి.

"మేస్త్రీగారు దీనికిచ్చింది ఒక చోటు డబ్బే..." అని మొదలుపెట్టాడు, నొప్పితో.

"జంట చోటు డబ్బు" అన్నా.

"సగం ఇస్తాను. ఇప్పుడే. నోట్లు. మీరు ఇంటికి వెళ్ళిపోండి."

ఆలోచించా. జనం చూస్తున్నారు. ఫ్లాస్కు చేతిలోనే ఉంది. ఒక్క దెబ్బ, ఒక్క ఊపిరి, నిజం బయటపడేది. కానీ నిజం బయటపడితే ఏమొస్తుంది నాకు? అది పాడినా పాడకపోయినా, నేను నోట్లు లేకుండా ఇంటికి పోవాలి. నువ్వు అరలో ఉండాలి.

తీసుకున్నా. డబ్బీ వాడి జేబులోకి పోయింది. అది అసలుదో, నువ్వే అసలైన దద్దమ్మవో, నాకు ఇప్పటికీ తెలీదు. తెలుసుకోవాలనీ లేదు. అసలుదైతే వాడు నన్ను దోచుకున్నట్టు, నకిలీదైతే నిన్ను దోచుకున్నట్టు. రెండిట్లో ఏది నయం చెప్పు?

ఆ నోట్లు పట్టుకుని తిన్నగా కొండ ఆఫీసుకే వెళ్ళా. జంట చోట్లు ఇప్పుడు రాజుగారి కోటల రేట్లు పలుకుతున్నాయట. ఒంటి గుంత ఒకటి ఉంది, పైన్ చెట్ల వరస చివర, నీటి గొట్టం పక్కన. కొన్నా.

నా పేరు మీద.

అవును, నా పేరు మీద. కళ్ళు పెద్దవి చేసుకుని చూడకు. రాయి కూడా చెక్కించా. లెంగ్ షూజెన్, ఎర్ర రంగు, గౌ గారి పెళ్ళాం పేరు కంటే పెద్ద అక్షరాలు. మొన్న వెళ్ళి తుడిచొచ్చా. నీ పేరుకి పక్కన చోటు వదలమని చెప్పలేదు. వదలొద్దనీ చెప్పలేదు.

గుమాస్తా అన్నాడు, "ఒంటి గుంతలో ఒక్క బూడిద పేటికే పెట్టాలి బామ్మగారూ, రూలు."

"ఒక్క పేటికా, ఒక్క మనిషా?"

వాడు రూల్సు కాగితం అటూ ఇటూ తిప్పాడు. "పేటిక అనే ఉంది" అన్నాడు. "ఇలా ఎవరూ అడగలేదు."

ఎవరూ అడగరు. అందరికీ నీలాంటి మొగుళ్ళు ఉండరు కదా.

ముల్లంగి ఊరేసే పెద్ద జాడీ కడిగి ఎండబెట్టా, అదే మన ఒక్క పేటిక. మన ఇంట్లో అంతకంటే పెద్ద పాత్ర లేదు, ఒక దున్నపోతు కూడా అందులో పడుకోవచ్చు. మీద రూలు ప్రకారం మూత, మూతకి రూలు ప్రకారం సీలు. నువ్వు అడుగున, నేను పైన. బతికున్నప్పుడు గురక వినలేక గోడవైపు తిరిగి పడుకున్నా, ఇక గోడ కూడా ఉండదు. ముల్లంగి వాసన మాత్రం పోలేదు. భరించు.

కానీ అందులో నిన్ను పోస్తానని నేను ఇంకా మాటివ్వలేదు. ఆశ పెట్టుకోకు. ఇంకో ఏడాది అర అద్దె ఇప్పుడే కట్టేశా, అదే నీ గడువు. నీకు ఒక పని ఉంది.

రాత్రికి షియాంగ్ కలలోకి వెళ్ళు. నేను వెళ్తే కాపలావాడు ఆపుతాడు, నిన్నెవడు ఆపుతాడు? తిట్టకు, నీకు తిట్టడం రాదు, నవ్వొస్తుంది. మంచం కాళ్ళవైపు నిలబడు. 'మా ఆవిడ చోటు మా ఆవిడ తెచ్చుకుంది. నా సగమేది?' అని అడుగు. అంతే. వాడు లేచి నీళ్ళు తాగి పడుకుంటాడు, మళ్ళీ అడుగు. నాన్నగారూ అని కాళ్ళు పిసుకుతాడు, పిసకనీ, మళ్ళీ అడుగు. రోజూ వెళ్ళు, వాడు ఆ సగం పట్టుకుని నా గుమ్మంలోకి వచ్చేదాకా వెళ్ళు.

వాడి కొత్త ఇల్లు బజారు వెనకాల ఎత్తు మేడల్లో, చిట్టచివరి అంతస్తు. లిఫ్టు ఒక్కోసారి పనిచెయ్యదట. మెట్లెక్కు. మోకాళ్ళ నొప్పులని వంకలు పెట్టకు, నీకిప్పుడు మోకాళ్ళు లేవు.